ఇంట్లో చేసుకునే డీసీ సప్లైకి ఫిల్టర్ కెపాసిటర్‌ను లెక్కకట్టి ఎంచుకోవడం

ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్లు), 7812 ఐసీ (12 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్) అన్నీ నలుగురినీ అడిగి తెలుసుకుని కొనేవాళ్లు కూడా ఆ డీసీలో ఎగుడుదిగుళ్లను పూడ్చే ఫిల్టర్ కెపాసిటర్ దగ్గరికొచ్చేసరికి "వెయ్యి పెడితే చాలు, హమ్ వస్తే రెండువేల రెండొందలు పెట్టు" అన్న మాట మీద వెళ్లిపోతారు. అలా చేసిన సప్లై హన్మకొండలో మధ్యాహ్నం పూట శుభ్రంగానే పనిచేస్తుంది. దాన్నే పరకాల వైపో నర్సంపేట వైపో ఊళ్లోకి తీసుకెళ్లండి. యాసంగిలో బోరు మోటర్లన్నీ నడిచే వేళకు స్పీకర్‌లో గుయ్‌మనే చప్పుడు (హమ్) మొదలవుతుంది. రాత్రి పది దాటాక అదే సప్లై మళ్లీ మామూలుగా ఉంటుంది. కెపాసిటర్ చెడిపోయిందని మార్చేస్తారు, ఐసీ మార్చేస్తారు. నిజానికి రెండూ బాగానే ఉంటాయి. గోడలోంచి వచ్చే కరెంటు ఎప్పుడూ 230 వోల్టులే అనుకుని కెపాసిటర్ పెట్టడంతోనే ఆ ఇబ్బంది వచ్చింది.

అందుకే ఈ వ్యాసమంతా ఒక్క పద్ధతి మీద నడుస్తుంది. ఎన్ని మైక్రోఫారడ్‌లు (కెపాసిటర్ సైజును చెప్పే కొలత, పైన అన్న వెయ్యి ఇదే) కావాలో మీ ఇంటికొచ్చే అతి తక్కువ వోల్టేజిని బట్టి తేల్చాలి. కెపాసిటర్ ఎన్ని వోల్టులది కావాలో అతి ఎక్కువ వోల్టేజిని బట్టి తేల్చాలి. 230తో రెండూ లెక్కగడితే రెండు వైపులా దెబ్బ తింటాం.

ఉదాహరణకు 12 వోల్టులు, 1 ఆంప్ ఇచ్చే సప్లై తీసుకుందాం. చిన్న ఆంప్లిఫయర్‌కు, రేడియోకు, ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల ప్రాజెక్టులకు ఎక్కువగా అడిగేది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఫిల్టర్ కెపాసిటర్, 7812 రెగ్యులేటర్, అంతే సామాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు ఉండేది ప్రాణం తీసే కరెంటు. ఆ వైపు జాయింట్లన్నిటికీ స్లీవ్ వేయండి, ఫేజ్ తీగలో ఫ్యూజ్ పెట్టండి, ఇనుప డబ్బా అయితే దానికి ఎర్త్ కలపండి. మన ఉదాహరణలోని ట్రాన్స్‌ఫార్మర్‌కు అర ఆంప్ స్లో బ్లో ఫ్యూజ్ సరిపోతుంది. ప్లగ్గు పీకకుండా లోపల చెయ్యి పెట్టొద్దు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో చార్జి మిగిలే ఉంటుంది. దాని సంగతి ముందు ముందు చెప్తాను.

1. ముందుగా మీ ఇంటి వోల్టేజి రాసుకోండి

మల్టీమీటర్‌ను ఏసీ 750 వోల్టుల రేంజ్‌లో పెట్టి, ప్లగ్ పాయింట్‌లో వారం పాటు మూడు పూటలా చూడండి: పొద్దున, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, రాత్రి పడుకునే ముందు. పొలాలకు దగ్గరి ఊళ్లయితే మోటర్లు నడిచే సమయంలో తప్పక చూడాలి. ఈ రీడింగుల్లో మనకు కావలసినవి రెండే, అతి తక్కువది, అతి ఎక్కువది. సగటు అక్కర్లేదు.

ఈ వ్యాసంలో లెక్కల కోసం తక్కువది 200, ఎక్కువది 260 అనుకుంటున్నాను. మీ అంకెలు వేరైతే ఆ చోట మీవి వేసుకోండి.

2. రిపుల్ ఎంత వస్తుందో చెప్పే చిన్న లెక్క

మన కరెంటు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. బ్రిడ్జి దాటాక అది 100 గుట్టలవుతుంది. అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒకసారి కెపాసిటర్ నిండుతుంది, మధ్యలో లోడ్ దాన్ని ఖాళీ చేస్తూ ఉంటుంది. నిండిన పై అంచుకు, ఖాళీ అయిన అడుగుకు మధ్య తేడాయే రిపుల్.

లెక్క ఇలా గుర్తుపెట్టుకుంటే సులువు:

రిపుల్ వోల్టులు = లోడ్ ఆంప్‌లు × 10,000 ÷ మైక్రోఫారడ్‌లు

1 ఆంప్ లోడ్‌కు 1000 మైక్రోఫారడ్ పెడితే రిపుల్ 10 వోల్టులు. 2200 పెడితే 4.5. 4700 పెడితే 2.1. ఆంప్ కరెంటు లాగే సప్లైకి "వెయ్యి చాలు" అన్న మాట ఎందుకు పనికిరాదో ఈ అంకెలే చెప్తాయి. వంద మిల్లీఆంప్ రేడియోకు మాత్రం ఆ వెయ్యే బాగా సరిపోతుంది.

ఈ లెక్క కాస్త భయపెట్టే వైపే మొగ్గుతుంది. గుట్ట పైభాగానికి దగ్గర్లో ఓ రెండు మూడు మిల్లీసెకన్లు డయోడ్లు తెరుచుకుని కెపాసిటర్‌ను నింపుతుంటాయి కాబట్టి అది ఖాళీ అయ్యేది ఏడున్నర మిల్లీసెకన్ల పాటే. కాబట్టి అసలు రిపుల్ లెక్కలో వచ్చిన దానిలో ముప్పాతిక వంతే ఉంటుంది. ఆ మిగులును నేను ఖర్చు పెట్టను. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మామూలుగా 20 శాతం అటూఇటూ ఉంటాయి. 4700 అని రాసి ఉన్నది 3760 మాత్రమే ఉండొచ్చు, అది కూడా కంపెనీ మాట ప్రకారం మంచి సరుకే. మిగులు ఆ తేడాకు పోతుంది.

బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగిపోయినా, అసలు ఒకే డయోడ్ వాడినా కెపాసిటర్ నిండేది 20 మిల్లీసెకన్లకు ఒకసారే. అప్పుడు రిపుల్ రెట్టింపు. బాగా నడిచిన సప్లైలో హఠాత్తుగా హమ్ పెరిగి, శబ్దం మునుపటికంటే బొంగురుగా వినిపిస్తే కెపాసిటర్‌ను పీకే ముందు నాలుగు డయోడ్లూ మీటర్‌తో చూడండి.

3. అడుగు వోల్టేజి: అసలు పరీక్ష ఇక్కడే

7812 నుంచి 12 వోల్టులు నిలకడగా రావాలంటే దాని ముందు కనీసం 14 వోల్టులుండాలి. నేను అర వోల్టు కలిపి 14.5 అనుకుంటాను. ఈ 14.5 అన్నది రిపుల్ అడుగున ఉండాల్సిన వోల్టేజి. మీటర్ డీసీ రేంజ్‌లో కనిపించే సగటు 16 ఉన్నా, అడుగు 13కి పడిపోతుంటే సెకనుకు వందసార్లు రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. ఆ వందసార్ల తగ్గుదలే స్పీకర్‌లో వినిపించే గుయ్.

ఇప్పుడు చాలామంది కొనే 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌ను చూద్దాం. 230 ఉన్నప్పుడు 12 వోల్టుల ఏసీకి పీక్, అంటే అల పై కొన, దానికి 1.41 రెట్లు, 17. బ్రిడ్జిలో కరెంటు ఎప్పుడూ రెండు డయోడ్ల గుండా పోతుంది, అక్కడ దాదాపు 2 వోల్టులు పోతాయి. మిగిలింది 15. మనకు అడుగు 14.5 కావాలి. అంటే రిపుల్‌కు దక్కేది అర వోల్టు. 1 ఆంప్‌కు అర వోల్టు రిపుల్ కావాలంటే 20,000 మైక్రోఫారడ్‌లు పెట్టాలి.

అదే ట్రాన్స్‌ఫార్మర్‌కు 200 వోల్టులే వస్తే? 12 కాస్తా 10.4 అవుతుంది. పీక్ 14.75. డయోడ్లు పోను 12.75. పై అంచే 14.5కి చేరడం లేదు. ఇక్కడ లక్ష మైక్రోఫారడ్‌లు పెట్టినా హమ్ పోదు. కెపాసిటర్ అడుగును పైకి లేపగలదు గానీ పై అంచును ఒక్క మిల్లీవోల్టు కూడా పెంచలేదు. "ఎంత పెద్ద కెపాసిటర్ వేసినా గుయ్‌మంటూనే ఉంది" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులదని.

అందుకని 7812కు 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి. 200 వోల్టుల దగ్గర అది 13 ఇస్తుంది. పీక్ 18.4. డయోడ్లకు 2 తీసేస్తే 16.4. కెపాసిటర్ నిండే ఆ రెండు మిల్లీసెకన్లలో కరెంటు ఒక్క ఊపున పోతుంది కాబట్టి వైండింగ్‌లో మరో అర వోల్టు పడిపోతుందనుకుందాం. 15.9 మిగిలింది. 14.5 పక్కన పెడితే రిపుల్‌కు దక్కింది 1.4 వోల్టులు.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పాలి. బ్రిడ్జి, కెపాసిటర్ కలిసిన సర్క్యూట్‌లో 1 ఆంప్ డీసీ తీయాలంటే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్‌లో దాదాపు 1.6 ఆంప్ ఏసీ పారుతుంది. దుకాణంలో "1 ఆంప్ సప్లైకి" అని 1 ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకుంటే అది ఎండాకాలంలో చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. 0-15, 2 ఆంప్‌లది అడగండి. 15-0-15 తీసుకుని రెండు డయోడ్లతో చేసుకుంటే 1 ఆంప్‌ది సరిపోతుంది, ఒక డయోడ్ నష్టం కూడా తగ్గుతుంది.

4. ఎన్ని మైక్రోఫారడ్‌లు

లెక్కను తిప్పి రాస్తే: మైక్రోఫారడ్‌లు = ఆంప్‌లు × 10,000 ÷ దక్కిన రిపుల్. మన ఉదాహరణలో 10,000 ÷ 1.4, అంటే సుమారు 7100.

మార్కెట్‌లో దొరికే విలువలు 1000, 2200, 3300, 4700, 6800, 10,000. దగ్గరిది 6800, లేదా పక్కపక్కన (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలిపిన రెండు 3300లు. 7100 కంటే ఇవి కొంచెం తక్కువే అయినా, ముందు చెప్పిన ముప్పాతిక లెక్క ప్రకారం అసలు అవసరం 5400 దగ్గర ఉంటుంది. 20 శాతం తరుగు పోయినా దాదాపు అక్కడే నిలుస్తాం, పైగా 14.5లో అర వోల్టు మిగులు వేసుకున్నాం. మీ ఊళ్లో 200 కంటే కాస్త కిందికి దిగుతుంటే రెండు 4700లు పెట్టండి.

180కి దిగే చోట మాత్రం 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు పై అంచే 14 చిల్లర దగ్గర ఆగిపోతుంది. మళ్లీ అదే కథ. 18 వోల్టులది పెట్టొచ్చు, కానీ రాత్రి వోల్టేజి పెరిగి 250 అయితే 1 ఆంప్ దగ్గర 7812 మీద పదమూడు వాట్ల వేడి పడుతుంది. అలాంటి ఊళ్లో ఈ పాత పద్ధతి సప్లై వదిలేసి 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేసే స్విచింగ్ అడాప్టర్ కొనుక్కోమనే నా సలహా. నేర్చుకోవడం కోసం చేస్తుంటే ముందు ఒక స్టెబిలైజర్ పెట్టుకోండి.

ఎక్కువ పెడితే మంచిదే కదా అని 22,000 పెట్టేవాళ్లున్నారు. స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ దాదాపు షార్ట్ సర్క్యూట్ లాగే ఉంటుంది. వైండింగ్ రెసిస్టెన్స్ తప్ప ఆ కరెంటును ఆపేది ఏమీ లేదు. 1ఎన్4007 డయోడ్ మోయగలిగే తాత్కాలిక సర్జ్ 30 ఆంప్‌లే. 1ఎన్5408 అయితే 200 వరకు తట్టుకుంటుంది. కాబట్టి ఆంప్ సప్లైకి, 4700 దాటిన కెపాసిటర్‌కు 5408లే వాడండి. అతి పెద్ద కెపాసిటర్ వల్ల నింపే సమయం ఇంకా కుంచించుకుపోయి, అదే చార్జి మరింత పదునైన కరెంటు పోటులుగా వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వేడి, గుర్రుమనే చప్పుడు రెండూ పెరుగుతాయి. 7812 తన ముందున్న రిపుల్‌ను వెయ్యో వంతు కంటే తక్కువకు తొక్కేస్తుంది, అడుగు వోల్టేజి సరిగ్గా ఉన్నంతవరకు. కాబట్టి అడుగు దాటాక ఇంకా పెంచడం దండగ.

5 వోల్టుల సప్లైకి ఇదే లెక్క చూడండి: 7805కు అడుగు 7.5 కావాలి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ 200 దగ్గర 7.8 ఇస్తుంది, పీక్ 11, డయోడ్లు పోను 9. రిపుల్‌కు వోల్టున్నర దక్కింది. అర ఆంప్ లోడ్‌కు 3300 మైక్రోఫారడ్‌లు చాలు.

5. కెపాసిటర్ ఎన్ని వోల్టులది

ఇప్పుడు అవతలి చివర. రాత్రి 260 వచ్చింది, లోడ్ ఏమీ కలపలేదు, సప్లై ఊరికే ఆన్‌లో ఉంది. కెపాసిటర్ మీద అతి ఎక్కువ వోల్టేజి పడేది ఈ పరిస్థితిలోనే.

15 వోల్టులు కాస్తా 17 అవుతాయి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన వోల్టేజి నిండు లోడ్ దగ్గరిది. లోడ్ లేనప్పుడు 15 శాతం, ఇంకా చిన్నవైతే 20, 30 శాతం ఎక్కువ కూడా ఇస్తాయి. 15 శాతమే అనుకున్నా 19.5 అవుతుంది. పీక్ 27.6. లోడ్ లేదు కాబట్టి డయోడ్లలో పోయేది 1.2 మాత్రమే. కెపాసిటర్ మీద 26.4 వోల్టులు.

"పన్నెండు వోల్టుల సప్లైయే కదా" అని 25 వోల్టుల కెపాసిటర్ పెడితే ప్రతి రాత్రీ అది తన హద్దు దాటి కూర్చుంటుంది. మొదటి రోజే పేలదు. లోపల లీకేజి పెరిగి, వేడెక్కి, ఒక ఏడాదికో రెండేళ్లకో తల ఉబ్బుతుంది. ఇక్కడ 35 వోల్టులది పెట్టాలి. 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవాళ్లకు ఇదే లెక్క 32 వోల్టులు చూపిస్తుంది, వాళ్లకు 50 వోల్టుల కెపాసిటర్ కావాలి. 7812 కూడా 35 కంటే ఎక్కువ తట్టుకోదు కాబట్టి వాళ్లు అంచు మీదే ఉన్నారని గుర్తుంచుకోవాలి. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు 15.3 వస్తుంది. 16 వోల్టులది తీసుకోకుండా 25కి వెళ్లండి.

12-0-12తో ప్లస్, మైనస్ సప్లై చేసుకుని ఆంప్లిఫయర్ నడిపేవాళ్లకు ఒక్కో వైపు 21 చిల్లర వరకు వెళ్తుంది. కెపాసిటర్లు 35 వోల్టులవి పెట్టండి, దాంతో పాటు ఐసీ హద్దు కూడా చూసుకోండి. టీడీఏ 2030 తట్టుకునేది ప్లస్ మైనస్ 18 మాత్రమే, 2030ఏ అయితే 22.

రేటింగ్ మరీ ఎక్కువ ఉన్నా నష్టం లేదు. డబ్బా పెద్దదవుతుంది, ధర పెరుగుతుంది, అంతే.

6. వేడి

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ గదిలో, మూసిన డబ్బాలో, ట్రాన్స్‌ఫార్మర్‌కూ హీట్ సింక్‌కూ మధ్య ఇరుక్కున్న కెపాసిటర్ దగ్గర 65 డిగ్రీలు ఉండటం వింతేమీ కాదు.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది, అది నెమ్మదిగా ఆరిపోతుంది. మామూలు లెక్క ఏంటంటే, రాసిన ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది. 85 డిగ్రీలు, 2000 గంటలు అని ఉన్నది 65 దగ్గర 8000 గంటలు. రోజంతా ఆన్‌లో ఉండే సప్లై అయితే పదకొండు నెలలు. 105 డిగ్రీలు, 2000 గంటలది అదే 65 దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లకు పైనే. రెంటి ధరల మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. నేను 85ది కొనను, ఎవరినీ కొనమని చెప్పను.

వేడి బయటి నుంచే రాదు. 1 ఆంప్ డీసీ ఇచ్చే సప్లైలో కెపాసిటర్ గుండా అటూఇటూ పారే రిపుల్ కరెంటు దాదాపు 2 ఆంప్‌లు ఉంటుందని లెక్కేసుకోండి. కెపాసిటర్ లోపల ఈఎస్ఆర్ అనే చిన్న రెసిస్టెన్స్ ఉంటుంది. కొత్త 4700 మైక్రోఫారడ్ దానిలో అది 0.05 ఓమ్ దగ్గర ఉంటుంది, అంటే 0.2 వాట్ల వేడి, పర్వాలేదు. ఆరిపోతున్న పాతదానిలో అది 0.5 ఓమ్ అయితే 2 వాట్లు లోపలే పుడతాయి. ఆ వేడికి ఇంకా ఆరిపోతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఉబ్బిన కెపాసిటర్లన్నీ దాదాపు ఈ దారిలో పోయినవే.

అందుకే 6800ది ఒకటి పెట్టేకంటే 3300వి రెండు కలిపి పెట్టడం నాకు ఇష్టం. రిపుల్ కరెంటు చెరిసగం పంచుకుంటాయి, ఈఎస్ఆర్ సగమవుతుంది, గాలి తగిలే ఒళ్లు పెరుగుతుంది. కంపెనీ పట్టికలో రిపుల్ కరెంటు చూసేటప్పుడు 120 హెర్ట్జ్ దగ్గరి అంకెను చూడండి. 100 కిలోహెర్ట్జ్ దగ్గరిది పెద్దగా, ఊరించేలా ఉంటుంది, అది స్విచింగ్ సప్లైల కోసం.

7. కొనేటప్పుడు

దుకాణంలో "మూడువేల మూడొందలు, ముప్పై అయిదు వోల్టులు, నూటయిదు డిగ్రీలది" అని మూడూ కలిపి అడగండి. రెండే చెప్తే మూడోది దుకాణదారు ఇష్టం. కెపాసిటర్‌ను కండెన్సర్ అనే కౌంటర్లు ఇంకా ఉన్నాయి. అక్కడ ఫిల్టర్ కండెన్సర్ అని చెప్పండి, లేకపోతే ఫ్యాన్‌ది చేతిలో పెడతారు. వరంగల్, కరీంనగర్‌లలో పెద్ద విలువలు దొరకకపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. 4700 మైక్రోఫారడ్, 35 వోల్టులది మామూలుగా 18 మిల్లీమీటర్ల వెడల్పు, 35 మిల్లీమీటర్ల ఎత్తుకు అటూఇటూ ఉంటుంది. అదే విలువ రాసి ఉన్నది దానిలో సగం సైజు ఉంటే అనుమానించండి. పెద్ద డబ్బా ఉండి మరీ తేలిగ్గా ఉన్నా అనుమానించండి. పెద్ద తొడుగులో చిన్న కెపాసిటర్‌ను దాచిన నకిలీలు ఉన్నాయి. తల మీద గీసిన గీతలు చదునుగా ఉండాలి, కింద రబ్బరు బిరడా ఉబ్బి ఉండకూడదు, కాళ్ల దగ్గర తడి మరక ఉండకూడదు. తొడుగు మీద తెల్ల పట్టీ ఉన్న వైపు మైనస్, పొడుగు కాలు ప్లస్.

పాత టీవీ బోర్డుల నుంచి పీకినవి ఫిల్టర్ స్థానంలో పెట్టొద్దని నా మాట. ఏళ్ల తరబడి వేడిలో బతికిన వాటిలో ఎంత ద్రవం మిగిలిందో పైకి కనబడదు. ఆ బోర్డుల నుంచి హీట్ సింక్‌లు తీసుకోండి, అవి నిజంగా పనికొస్తాయి.

8. బిగించే ముందు కొలవండి

చవక మీటర్లలో కెపాసిటెన్స్ రేంజ్ వేల మైక్రోఫారడ్‌ల దాకా వెళ్లదు. గడియారంతో కొలవొచ్చు. స్థిరమైన 12 వోల్టుల డీసీ, ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్, మల్టీమీటర్ చాలు. కెపాసిటర్‌ను పూర్తిగా ఖాళీ చేసి, రెసిస్టర్ ద్వారా 12 వోల్టులకు కలిపి, కెపాసిటర్ మీద వోల్టేజి 7.6కి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. ఆ సెకన్లను 100తో గుణిస్తే మైక్రోఫారడ్‌లు వస్తాయి. 4700కు 47 సెకన్లు పట్టాలి, 3300కు 33. ముప్పై మూడుకు బదులు ఇరవైలోపే చేరిందంటే ఆ కెపాసిటర్‌ను వెనక్కి ఇచ్చేయండి.

అలాగే వదిలేసి గంట తర్వాత చూడండి. 12కి దగ్గరగా వచ్చి ఉండాలి. ఇంకా 10 దగ్గరే ఆగిపోతే లోపల లీకేజి ఎక్కువ. చాలాకాలం అలమారాలో పడి ఉన్న సరుకు ఇలా కరెంటు కింద కొన్ని గంటలు ఉంటే కోలుకోవచ్చు, కోలుకోకపోతే పారేయండి.

9. బిగించే వరుస

విలువలన్నీ సరిగ్గా ఎంచుకుని కూడా హమ్ పోగొట్టుకోలేని వాళ్లను నేను ఎక్కువగా చూసింది ఈ మెట్టు దగ్గరే. బ్రిడ్జి నుంచి వచ్చే రెండు తీగలూ ముందు కెపాసిటర్ కాళ్ల మీదికి రావాలి. రెగ్యులేటర్‌కు వెళ్లే తీగలు ఆ కాళ్ల నుంచే వేరుగా బయల్దేరాలి. మైనస్ వైపు కూడా ఇంతే. ఆంప్లిఫయర్ గ్రౌండ్, స్పీకర్ గ్రౌండ్, 7812 మధ్య కాలు అన్నీ కెపాసిటర్ మైనస్ కాలి దగ్గర కలవాలి.

కారణం ఇది. కెపాసిటర్‌ను నింపే కరెంటు పోటు 5 ఆంప్‌ల వరకు ఉంటుంది. అర చదరపు మిల్లీమీటర్ తీగ 30 సెంటీమీటర్ల ముక్కకు 11 మిల్లీఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. ఆ ముక్క గుండా 5 ఆంప్‌లు పోతే 55 మిల్లీవోల్టులు పడతాయి, సెకనుకు వందసార్లు. ఆంప్లిఫయర్ గ్రౌండ్‌ను ఆ ముక్కకు అవతలి చివర, అంటే బ్రిడ్జి దగ్గర కలిపితే ఆ 55 మిల్లీవోల్టులు నేరుగా పాట సిగ్నల్‌లో కలిసిపోతాయి. అప్పుడు కెపాసిటర్‌ను ఎంత పెంచినా హమ్ ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

7812 కాళ్లకు ఆనుకుని లోపలి వైపు (ఇన్‌పుట్) 0.33 మైక్రోఫారడ్, బయటి వైపు (అవుట్‌పుట్) 0.1 మైక్రోఫారడ్ చిన్న కెపాసిటర్లు పెట్టండి. వాటి మీద 334, 104 అని ఉంటుంది. ఇవి రెగ్యులేటర్ తనంతట తాను ఊగిపోకుండా ఆపుతాయి, కాబట్టి పెద్దవి ఉన్నాయి కదా అని మానేయొద్దు. బయటి వైపు పెద్ద ఎలక్ట్రోలైటిక్ అక్కర్లేదు, 47 మైక్రోఫారడ్ చాలు. రెగ్యులేటర్ బయటి కాలి నుంచి లోపలి కాలికి ఒక 1ఎన్4007 డయోడ్ పెడితే, దాని పట్టీ లోపలి కాలి వైపు ఉండేలా, స్విచ్ ఆపినప్పుడు కరెంటు వెనక్కి పారి ఐసీ పోకుండా ఉంటుంది.

ఫిల్టర్ కెపాసిటర్ల మీద అడ్డంగా ఒక 2.2 కిలో ఓమ్, 1 వాట్ రెసిస్టర్ శాశ్వతంగా ఉంచండి. ప్లగ్గు పీకాక లోడ్ లేకపోయినా అది ఒక నిమిషం, నిమిషంన్నరలో చార్జి దింపేస్తుంది. చేత్తో ఖాళీ చేయాల్సి వస్తే 100 ఓమ్, 5 వాట్ రెసిస్టర్‌ను కాళ్ల మీద నాలుగైదు సెకన్లు ఆనించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు మానాలి. నిప్పు రవ్వ కంట్లో పడొచ్చు, కెపాసిటర్ లోపలి అతుకు కూడా దెబ్బతింటుంది.

7812కు మంచి హీట్ సింక్ కావాలి. 230 దగ్గర 1 ఆంప్ లోడ్‌కు ఆరున్నర వాట్ల వేడి పుడుతుంది, 250 దగ్గర ఎనిమిదిన్నర. కెపాసిటర్లను ఆ హీట్ సింక్‌కు వీలైనంత దూరంగా బిగించండి.

10. మొదటిసారి కరెంటు ఇవ్వడం, లోడ్ పరీక్ష

మెకానిక్ షాపుల్లో ఉండే సిరీస్ బల్బు బోర్డు ఇక్కడ చాలా మేలు చేస్తుంది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉండాలి, ఎల్ఈడీ బల్బు పనికిరాదు. దాని గుండా సప్లైకి కరెంటు ఇవ్వండి. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే అంతా సవ్యమే. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి, డయోడో కెపాసిటరో తిరగబడి ఉంది. తిరగబడిన కెపాసిటర్‌లో గ్యాస్ పుట్టి తల పగులుతుంది, కాబట్టి ఈ మొదటి నిమిషంలో దాని మీదికి వంగి చూడొద్దు.

తర్వాత సిరీస్ బల్బు తీసేసి, 12 ఓమ్, 25 వాట్ల రెసిస్టర్‌ను లోడ్‌గా పెట్టండి. అది దొరకకపోతే బైక్ ఇండికేటర్ బల్బు, 12 వోల్ట్ 10 వాట్‌ది, దాదాపు 0.8 ఆంప్ లాగుతుంది. ఫిల్టర్ కెపాసిటర్ మీద మీటర్‌ను ఏసీ రేంజ్‌లో పెట్టి చూడండి. కొన్ని చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో డీసీని ఆపవు, అందుకని మీటర్ వైరుకు సిరీస్‌లో 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ కలపండి. కనబడిన అంకెను మూడున్నరతో గుణిస్తే పై అంచుకూ అడుగుకూ మధ్య తేడా వస్తుంది. మన ఉదాహరణలో మీటర్ 0.3, 0.4 మధ్య చూపాలి. 200 వోల్టులు, 750 వోల్టులు తప్ప వేరే ఏసీ రేంజ్ లేని మీటర్‌తో ఈ కొలత నమ్మలేం, రెండు వోల్టుల రేంజ్ ఉన్నదాన్ని ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

ఈ పరీక్షను మీరు రాసుకున్న అతి తక్కువ వోల్టేజి వచ్చే పూటే చేయాలి. అదే పూట 7812 బయటి వైపు కూడా ఏసీ చూడండి, కొన్ని మిల్లీవోల్టులు మించకూడదు. మించితే అడుగు 14 కంటే కిందికి పోతోందన్నమాట, మూడో మెట్టుకు వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ లెక్క మళ్లీ చూడండి.

డబ్బా మూత పెట్టి, నిండు లోడ్ మీద రెండు గంటలు వదలండి. ఆపి, ప్లగ్గు పీకి, చార్జి దిగిందని మీటర్‌తో చూసుకున్నాకే కెపాసిటర్లను వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే మంచిది. అయిదు సెకన్లు వేలు ఉంచలేనంత వేడి ఉంటే, ఆ వేడి హీట్ సింక్ నుంచి వస్తోందా, కెపాసిటర్ లోపల పుడుతోందా చూడాలి. మూత తీసి మళ్లీ రెండు గంటలు నడపండి. చల్లబడితే డబ్బాకు పైనా కిందా గాలి రంధ్రాలు పెట్టండి. అప్పటికీ వేడిగానే ఉంటే అదే విలువది ఇంకొకటి పక్కన కలపండి.